వీణ సాధనలో చేతికి తిమ్మిర్లు.. నొప్పి మాత్రలతో నెట్టుకురావొచ్చా?

ప్రశ్న: నా వయసు 46. పెళ్లయ్యాక ఆగిపోయిన వీణ మళ్లీ మొదలుపెట్టాను. డిప్లొమా పరీక్ష ఉందని రోజూ తెల్లవారుజామున 3 గంటలు ఏకధాటిగా వాయిస్తున్నా. అయినా అటతాళ వర్ణం రెండో కాలంలో (రెట్టింపు వేగంలో) తడబడుతోంది. ఎడమచేతి బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. రాత్రి మెలకువ వస్తోంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతోంది. నొప్పి మాత్ర వేసుకుని కూర్చుంటున్నా. బీపీకి మందులు వాడుతున్నా. ఎన్ని గంటలు సాధన చేయాలి? వేళ్లకు ఏ నూనె మంచిది?

– ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: గంటల లెక్క తర్వాత చూద్దాం. ముందు ఆ నొప్పి మాత్ర ఆపండి. బీపీ మాత్ర మాత్రం ఆపొద్దు. నొప్పికి వాడుతున్నది ఏ మాత్రో మీరు రాయలేదు. ఓపీలోనూ ఇంతే, పేరు అడిగితే ‘తెల్లగా, పొడుగ్గా ఉంటుంది డాక్టర్‌గారూ’ అంటారు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి రోజూ వేసుకుంటే కడుపులో పుండ్లు పడొచ్చు, బీపీ అదుపు తప్పొచ్చు. కొన్ని బీపీ మందులతో కలిస్తే కిడ్నీలు దెబ్బతినే ముప్పు ఎక్కువ. తోడుగా గ్యాస్ మాత్ర వేసుకున్నా కిడ్నీకి ఒరిగేదేమీ లేదు. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చారని అది ప్రమాదం లేని మందు అయిపోదమ్మా. ఒకసారి బీపీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించుకోండి.

మీరు చెప్పిన వేళ్లు, రాత్రి చెయ్యి విదిలించడం చూస్తే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్, అంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకోవడం అనిపిస్తోంది. చెయ్యి చూడకుండా ఖాయంగా చెప్పలేను, మెడ దగ్గర నరం నొక్కుకున్నా ఇలా ఉండొచ్చు. మణికట్టులోని ఇరుకు దారిలోంచి వేళ్లను వంచే 9 టెండాన్లతో (కండను ఎముకకు కలిపే తాళ్లలాంటివి) పాటు మీడియన్ నరం కూడా వెళ్తుంది. వీణకు ఎడమచెయ్యి దండి (వీణ పొడవాటి మెడ భాగం) కిందుగా వచ్చి, పైకి వంగి మెట్ల మీద ఆనాలి. గమకానికి తీగ లాగినప్పుడల్లా ఒత్తిడి ఆ వంగిన మణికట్టు మీదే. ఏళ్ల తర్వాత ఒక్కసారిగా 3 గంటలంటే తట్టుకోవడం కష్టం. అలాగని నెపమంతా వీణ మీదికి నెట్టొద్దు. థైరాయిడ్ తగ్గినా, షుగర్ ఉన్నా ఇది వస్తుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్ పరీక్షలు చేయించుకుని ఆర్థోపెడిక్ డాక్టర్‌ని గానీ న్యూరాలజిస్టును గానీ కలవండి. అవసరమైతే నరం పనితీరు చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్ రాస్తారు. రాత్రిపూట మణికట్టు వంగకుండా పెట్టుకునే స్ప్లింట్‌తోనే చాలామందికి ఉపశమనం ఉంటుంది. జాకెట్ హుక్కులు పెట్టుకోలేకపోయినా, గ్లాసు చేజారుతున్నా, బొటనవేలి మొదట్లో కండ పల్చబడినా డిప్లొమా పరీక్ష అయ్యేదాకా ఆగొద్దు. బాగా ఆలస్యమైతే ఆపరేషన్ చేసినా పట్టు పూర్తిగా రాకపోవచ్చు. నరాల బలానికంటూ సొంతంగా బీ12 ఇంజెక్షన్లు కూడా వద్దు.

ఇక సాధన. తిమ్మిరి మొదలైతే ఆ పూటకు వీణ పక్కన పెట్టేయండి. డాక్టర్ సరే అన్నాక 15, 20 నిమిషాల చొప్పున, మధ్యలో లేచి తిరుగుతూ వాయించండి. వర్ణం మొత్తం పదేపదే వాయించే బదులు తడబడే ఆవర్తనం (తాళం ఒక చుట్టు) ఒక్కటే మొదటి కాలంలో, నెమ్మదిగా పట్టుకోండి. మిగతా సమయం కుడిచేత్తో తాళం వేస్తూ స్వరం పాడుకోండి, అదీ సాధనే. గురువుగారికి కూడా విషయం చెప్పండి.

నూనె అంటారా, కొబ్బరినూనె చాలు. కాకపోతే స్పర్శ తగ్గిన వేలికి తీగ కోసుకున్నా తెలియదు. వాయించాక వేలి కొనలు ఒకసారి వెలుతురులో చూసుకోండి, షుగర్ ఉందని తేలితే మరీను.