పాత సైకిల్‌కున్న అరుదైన రంగు కంపెనీదేనా అని తేల్చుకోవడం ఎలా?

మీరు కొనాలనుకుంటున్న పాత మూడు గేర్ల సైకిల్ ముదురు ఊదారంగులో ఉందని, అది కంపెనీ వేసిన రంగేనని, కేటలాగులో కూడా కనిపించనంత అరుదైనదని అమ్మే వ్యక్తి చెబుతున్నాడని రాశారు. మీరు జతచేసిన నాలుగు ఫోటోలూ దూరం నుంచి తీసినవే కాబట్టి వాటిని చూసి అవుననీ కాదనీ చెప్పలేను. అయితే చాలా ఏళ్లుగా పాత సైకిళ్లను కొని, విప్పి, బాగుచేసి మళ్లీ బిగిస్తున్నవాడిగా ఈ సందేహాన్ని నేను ఎలా పరిష్కరించుకుంటానో వివరిస్తాను.

రంగు ఎంత అందంగా ఉంది, ఎంత పాతగా కనిపిస్తోంది అనే విషయాలను నేను మొదట పట్టించుకోను. ఆ సైకిల్ మీద ఏ పని తర్వాత ఏ పని జరిగిందన్నదే చూస్తాను. కర్మాగారంలో ఫ్రేమును అతికి, శుభ్రం చేసి, ప్రైమరు, రంగు వేసి, పేరు స్టిక్కర్లు అంటించి, గీతలు దిద్ది, వార్నిష్ పూసి, అంతా ఆరిన తర్వాతనే హ్యాండిల్ బేరింగు కప్పులను హెడ్ ట్యూబులోకి, అంటే ఫ్రేముకు ముందున్న హ్యాండిల్ గొట్టంలోకి, దిగ్గొడతారు. బ్యాడ్జిని (ఆ గొట్టం మీదుండే కంపెనీ పేరు బిళ్లను), స్టాండును, బ్రేకు తీగల క్లిప్పులను ఆ తర్వాతే బిగిస్తారు. తర్వాతెప్పుడో రంగు మార్చినవాడికి అప్పటికే బిగించి ఉన్న సైకిల్ దొరుకుతుంది. వాడు భాగాలన్నీ ఊడదీసే ఓపిక ఉన్నవాడైతే తప్ప ఈ వరుస ఎక్కడో ఒకచోట తారుమారవుతుంది.

అందుకే నేను మొట్టమొదట హెడ్ ట్యూబు రెండు చివరలనూ భూతద్దంతో చూస్తాను. కంపెనీ రంగైతే అది కప్పు అంచు దాకా వచ్చి ఆ అంచు కిందికి వెళ్లిపోయినట్టు ఉంటుంది, కప్పు మెరిసే పూత మీద రంగు చుక్క ఉండదు. తర్వాత వేసిన రంగైతే కప్పు పక్కన సన్నని గట్టు కట్టి ఉంటుంది, లేదా మాస్కింగ్ టేపు లాగేసిన చోట చిన్న చిన్న పళ్లలా చిట్లిన అంచు కనిపిస్తుంది. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే గొట్టం) మరల్లోను, వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడిలోను, మడ్‌గార్డు బోల్టు రంధ్రాల లోపలి అంచుల్లోను ఇదే పద్ధతిలో చూడవచ్చు. ఇరుసు నట్టు బిగుసుకున్న చోట రంగు నలిగి లోహం మెరుస్తూ ఉండాలి. ఏళ్ల తరబడి తొక్కిన సైకిల్‌కు ఆ చోట రంగు నిండుగా ఉందంటే అది సంతోషించాల్సిన విషయం కాదు.

ఇక బ్యాడ్జి. స్క్రూలతో బిగించినదైతే, యజమాని ఒప్పుకుంటే, దాన్ని విప్పి చూడడం కన్నా మంచి పరీక్ష నాకు తెలియదు. రివెట్లతో కొట్టినదైతే మాత్రం ముట్టుకోవద్దు. బ్యాడ్జి కింద ఎండ, చేతి చెమట తగలని రంగు ఉంటుంది. అక్కడ పూర్తిగా వేరే రంగు కనిపిస్తే విషయం అక్కడితో తేలిపోతుంది. అదే రంగు మరింత చిక్కగా, బ్యాడ్జి ఆకారంలోనే నిలిచి ఉంటే, ఆ రంగు మీద బ్యాడ్జి చాలాకాలం నుంచి ఉన్నట్టు లెక్క. దాన్ని బట్టి పాత రంగని చెప్పవచ్చు గానీ కంపెనీ రంగని ఇంకా చెప్పలేము. సైకిల్ కొత్తలోనే ఎవరో రంగు మార్పించి ఉండవచ్చు.

మీ సైకిల్ విషయంలో ప్రత్యేకంగా గమనించాల్సింది ఒకటుంది. ఆ కాలపు మెరిసే ఎరుపు, ఊదా, ఆకుపచ్చ రంగుల్లో చాలావరకు ఒకే పూతగా వేసినవి కావు. కింద వెండిరంగు పూత వేసి, దాని మీద పారదర్శకమైన రంగు పట్టించేవారు. బ్రిటిష్ కంపెనీలు వీటిని ఫ్లాంబోయాంట్ రంగులనేవి, అమెరికాలో క్యాండీ అనేవారు. ఇవి ఎండకు వెలిసే తీరు మామూలు రంగుల్లా ఉండదు. పైనున్న పారదర్శకపు రంగు పలచబడుతుంటే కింది వెండి పైకి తేలుతుంది, అందువల్ల ఎరుపు క్రమంగా నారింజగానో బంగారు ఛాయగానో మారుతుంది. దీనికి తోడు వార్నిష్ పాతబడి పసుపెక్కుతుంది. పసుపెక్కిన వార్నిష్ కింద నీలం ఆకుపచ్చగా, తెలుపు మీగడ రంగుగా కనబడతాయి. అరుదైన సముద్రపు ఆకుపచ్చ అని చెప్పి ఒకాయన చూపించిన ఫ్రేముకు బ్రేకు తీగ క్లిప్పును వదులు చేసి పక్కకు జరిపితే, దాని కింద వేలెడు వెడల్పున అచ్చమైన నీలం బయటపడింది. అది కంపెనీ రంగే, సందేహం లేదు. కాకపోతే కేటలాగులో ఉన్న మామూలు నీలమే. కనుక రంగు అసలైనదా అన్న ప్రశ్నతో పాటు, కంపెనీ వేసినప్పుడు అది ఇదే రంగా అన్నది కూడా మీరు విడిగా అడగాలి.

పారదర్శకపు రంగుకు ఇంకో ఆనవాలుంది. గొట్టాలు కలిసే మూలల్లో అది కొంచెం చిక్కగా చేరి నల్లబడినట్టు కనిపిస్తుంది. రంగు లేచిన చోట భూతద్దంతో చూస్తే పైన ఊదా, దాని కింద వెండి, ఆ కింద ప్రైమరు, చివరికి ఉక్కు, ఇలా మెట్లు మెట్లుగా ఉండాలి. ఊదా కింద వెండికి బదులు మరో నిండు రంగు తగిలితే ఇక వెతకనక్కరలేదు. ఫోర్కు, మడ్‌గార్డులు, చైన్ కవరు లోపలి వైపు కూడా ఒకే వరుస పూతలు, ఒకే తీరు అరుగుదల ఉన్నాయా చూడండి. విడిగా తెచ్చి తగిలించిన మడ్‌గార్డు ఇక్కడే దొరికిపోతుంది.

తయారైన సంవత్సరాన్ని కూడా రంగుతో సరిపోల్చాలి. మీ సైకిల్ వెనక చక్రం మధ్యలో ఉన్నది స్టర్మీ-ఆర్చర్ అనే బ్రిటిష్ కంపెనీ మూడు గేర్ల హబ్ అయితే దాని మీద సాధారణంగా సంవత్సరం, నెల అంకెలు కొట్టి ఉంటాయి. అయితే చక్రాలు మారుతుంటాయి కాబట్టి అది చక్రం వయసే తప్ప ఫ్రేము వయసు కాదు. ఫ్రేము నంబరు మరింత నమ్మదగినది. ఉదాహరణకు అమెరికాలోని ష్విన్ కంపెనీ 1965 నుంచి కొంతకాలం పాటు నంబరులోని రెండో అక్షరంతో సంవత్సరాన్ని సూచించింది, 1965కు ఏ, 1971కి జి. గ్రే ఘోస్ట్ అనే బూడిదరంగు మోడల్‌ను ఆ కంపెనీ 1971లోనే అమ్మింది కాబట్టి, గ్రే ఘోస్ట్ అని చూపించిన ఫ్రేము మీద 1968 నాటి డి అక్షరం కనిపిస్తే అది అసలైన గ్రే ఘోస్ట్ కాదని తేలిపోతుంది. నంబరు చదివేటప్పుడు అంకెల అంచులు కూడా చూడండి. ఒకే పూత పడిన అంకెలు పదునుగా ఉంటాయి, రెండు మూడు పూతలు పడినవి లోపల నిండిపోయి మొద్దుబారతాయి. పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో కరిగించి పట్టించే పూత) అయితే మరీ మందంగా ఉండి అతుకుల అంచులను సైతం గుండ్రంగా మార్చేస్తుంది.

థిన్నరుతో తుడిచి చూడమని కొందరు సలహా ఇస్తారు. కర్మాగారంలో వేడికి కాల్చి గట్టిపరిచిన ఎనామెల్ రంగు దానికి అంత తేలిగ్గా కరగదు, డబ్బా స్ప్రే రంగు గుడ్డకు అంటుకుంటుంది, ఆ మాట నిజమే. కానీ రెండు ద్రవాలు కలిపి వేసే నేటి రంగులు కూడా కరగవు, పైగా స్టిక్కర్లు పాడవుతాయి. మీది కాని సైకిల్ మీద ఆ పని చేయకండి. గీకి చూడాలని గరుకు కాగితం కూడా పట్టకండి, పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, ఆ ధూళి పీల్చడం ప్రమాదకరం.

కేటలాగులో లేదు కాబట్టి అసలైనది కాదనే వాదన తొందరపాటు అవుతుంది. కోరిన రంగు వేసి ఇచ్చే తయారీదారులు ఉండేవారు. ఒకే పేరున్న రంగు ఛాయ కాలంతో మారేది కూడా, ఇటలీ సైకిల్ కంపెనీ బియాంకీ వారి చెలెస్తే అనే లేత నీలి-ఆకుపచ్చ రంగు ఒక్కో కాలంలో ఒక్కోలా కనిపిస్తుంది. కేటలాగులో లేదు కాబట్టే అరుదైనదనే అమ్మకందారు వాదన అంతకన్నా బలహీనం. కొన్నప్పటి రసీదో, ఆనాటి రంగు ఫోటోనో చూపకుండా ఆ మాటకు అదనంగా ధర ఇవ్వాల్సిన పనిలేదు.

ప్రస్తుతానికి అతన్ని ఐదు ఫోటోలు పగటి వెలుతురులో దగ్గర నుంచి తీసి పంపమనండి: కింది బేరింగు కప్పు అంచు, ఫ్రేము నంబరు, సీటు గొట్టాన్ని పైకి లాగినప్పుడు కనిపించే క్లాంపు లోపలి భాగం, చైన్ కవరు లోపలి వైపు, రంగు లేచిన ఏదో ఒక చోటు. అవి వస్తే ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. పంపడానికి అతను ఇష్టపడకపోతే మామూలు రంగు సైకిల్‌కు ఇచ్చే ధర మించి ఇవ్వకండి.