మతం వదిలేశాక తప్పు చేస్తే క్షమాపణ ఎవరిని అడగాలి?

మీ ప్రశ్న చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. "నేను ఏ మతాన్నీ పాటించను, కానీ మనల్ని మించినదేదో ఉందన్న నమ్మకం మాత్రం పోలేదు. దేవుడి భయం లేకపోతే నిన్ను తప్పు చేయకుండా ఆపేదేమిటని ఇంట్లో అడుగుతున్నారు. ఏం చెప్పాలో తోచడం లేదు" అని రాశారు. నాకు ఇరవై ఆరేళ్లప్పుడు మా అమ్మ నన్ను ఇదే అడిగింది. అప్పుడు చాలా ధైర్యంగా జవాబు చెప్పాను. అందులో సగమే ఉందని తెలియడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది.

అమ్మకు నేను చెప్పింది ఇది. దాదాపు 2,400 ఏళ్ల కిందట సోక్రటీస్ వేసినట్టు చెప్పే ప్రశ్న ఒకటుంది: ఒక పని మంచిది కాబట్టి దేవతలు మెచ్చుతారా, దేవతలు మెచ్చారు కాబట్టి అది మంచిదవుతుందా? రెండోదే నిజమైతే, రేపు దేవతల ఇష్టం మారిన నాడు క్రూరత్వం కూడా మంచే అయిపోవాలి. అలా ఒప్పుకోవడానికి ఎవరికీ మనసు రాదు. అంటే మంచికి తనదైన ఆధారం ఏదో ఉంది. మరి అది మనిషికి ఎలా అందుతుందంటే, చాలా చిన్నప్పుడే అందుతుంది. ఫీలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు 2006లో పద్దెనిమిది నెలల పిల్లల మీద తమ పరిశీలన ప్రచురించారు. పెద్దవాళ్ల చేతిలోంచి వస్తువు జారి అందకుండా పడితే, ఎవరూ అడగకుండానే, బహుమతి ఏమీ లేకుండానే, చాలామంది పిల్లలు తీసి అందించారు. మతం అనే మాట తెలియని వయసు అది.

అమ్మ అంతా ఓపికగా విని, "ఏది మంచో తెలియక తప్పు చేసేవాళ్లు తక్కువ. తెలిసే చేస్తారు. అప్పుడు నిన్ను ఆపేదెవరు అని నేనడిగింది" అంది. నా దగ్గర మాట లేదు.

ముప్పై మూడేళ్లప్పుడు ఆఫీసులో ఒక లెక్క తప్పింది. నేను సరిచేసిన పట్టికలో ఒక మొత్తం రెండుసార్లు కలిసింది. దాన్ని నమ్మి పైవాళ్లు ఒక నిర్ణయం తీసుకున్నారు, నష్టం వచ్చింది. మీటింగులో పై అధికారి నా పక్కన కూర్చున్న జూనియర్‌ని "ఇది నువ్వు తయారుచేసిందేగా" అని అడిగాడు. అతను అవునన్నాడు. మొదట తయారుచేసింది అతనే మరి. ఆ తర్వాత నేను అందులో చెయ్యి పెట్టానని అతనికి తెలియదు. నాకు తెలుసు. ఆ మీటింగు ఇంకో ఇరవై నిమిషాలు నడిచింది. ఆ ఇరవై నిమిషాల్లో ఎప్పుడైనా నోరు తెరవచ్చు. తెరవలేదు. ఆ ఏడాది అతనికి ఇంక్రిమెంట్ ఆపేశారు. కొన్ని నెలలకు అతను ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు.

మీ ఇంట్లోవాళ్ల ప్రశ్నలో ఉన్న "భయం" అనే మాట గురించి ఇక్కడే చెప్పాలి. ఆ గదిలో నాకు భయానికేం కొదవ లేదు. ఉద్యోగం పోతుందని, పరువు పోతుందని ఒళ్లంతా భయమే. నా నోరు నొక్కింది ఆ భయమే. కాబట్టి భయం మనిషిని మంచిగా ఉంచుతుందన్న మాట నేను ఇప్పటికీ నమ్మను. అలాగని నమ్మకం ఒక్కటే నిలబెడుతుందనీ అనలేను. 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ ప్రచురించిన ఒక ప్రయోగంలో పాల్గొన్నది మత గురువులు కావడానికి చదువుకుంటున్న 40 మంది విద్యార్థులు. ప్రసంగం చేయడానికి వాళ్లు పక్క భవనానికి వెళ్తుంటే, దారిలో ఒకతను గుమ్మం దగ్గర కూలబడి మూలుగుతుంటాడు. సగం మందికి ఇచ్చిన అంశమే దారిలో పడి ఉన్నవాడికి సాయం చేసిన మంచి మనిషి కథ. తీరిగ్గా వెళ్తున్నవాళ్లలో నూటికి 63 మంది ఏదో ఒక సాయం చేశారు. ఆలస్యమైపోయిందని చెప్పి పరుగు పెట్టించినవాళ్లలో చేసింది నూటికి 10 మందే. ఏ అంశం మీద మాట్లాడబోతున్నారన్నదీ, మతాన్ని ఎంత గట్టిగా నమ్ముతారన్నదీ ఆగడానికి పెద్దగా పనికిరాలేదు. ఆ విద్యార్థులను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. వాళ్లలో నేనూ ఉన్నాననిపించింది. విలువలు ఉండటం ఒకటి, ఆ క్షణంలో అవి చేతికి అందడం ఇంకొకటి.

అయితే మతం లేని లోటు నాకు నిజంగా తెలిసింది ఆ రాత్రి. చిన్నప్పుడు తప్పు చేస్తే కళ్లు మూసుకుని "తప్పయింది, క్షమించు" అనుకునేదాన్ని. మనసు తేలికపడేది, నిద్ర పట్టేది. ఇప్పుడు ఆ మాట అందామంటే ఎదుట ఎవరూ లేరు. తల వంచడానికి ఒక చోటు లేదు. కొన్నాళ్లు వేరే దారులు వెతికాను. అవసరంలో ఉన్నవాళ్లకు సాయం చేశాను, కొత్తగా చేరినవాళ్లతో మరీ మంచిగా ఉన్నాను. మనసు కుదుటపడలేదు. ఒకరికి ఉన్న అప్పు ఇంకొకరికి కడితే తీరదు కదా.

నాలుగేళ్ల తర్వాత అతని నంబర్ సంపాదించి, కలవాలని అడిగాను. కలిశాడు. జరిగింది మొత్తం చెప్పాను, నన్ను సమర్థించుకునే మాట ఒక్కటీ రాకుండా జాగ్రత్తపడ్డాను. అతను చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అప్పట్లో నా మీద నాకే అనుమానం వచ్చింది. నిజంగా నేనే తప్పు చేశానేమో అని ప్రతి అంకెనూ మూడుసార్లు చూసుకునేవాణ్ణి. ఇప్పటికీ చూసుకుంటాను" అన్నాడు. నేను ఇంక్రిమెంట్ గురించే బాధపడుతూ వచ్చాను. అతను పోగొట్టుకున్నది అది కాదు. క్షమించానని అతను అనలేదు, నేను అడగనూ లేదు. అతను వద్దనకపోవడంతో, అప్పటి పై అధికారికి తప్పు నాదని ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

ఆ తర్వాతే మతాలు ఈ విషయంలో ఏమన్నాయో చదివాను. నేను మతం బయట తిరిగి తిరిగి చేరిన చోటికి కొన్ని మతాలు ఎప్పుడో వచ్చి ఉన్నాయని చూసి ఆశ్చర్యపోయాను. సాటి మనిషికి చేసిన తప్పు ఆ మనిషిని ప్రసన్నం చేసుకోనిదే ప్రాయశ్చిత్త దినాన కూడా తీరదని యూదు సంప్రదాయం చెబుతుంది. మనుషుల హక్కుల విషయంలో చేసిన అన్యాయం, ఆ మనిషికి దక్కాల్సింది తిరిగి ఇవ్వకుండానో, ఆ మనిషి మన్నించకుండానో తీరదని ఇస్లాం అంటుంది. అంటే చిన్నప్పుడు కళ్లు మూసుకుని నేను తేలిగ్గా తీసుకున్న ఆ క్షమాపణ, మతం లోపల ఉన్నవాళ్లకు కూడా అంత తేలిక కాదు. మతాన్ని వదిలేసేటప్పుడు నేను దాని గురించి ఎంత తక్కువ తెలుసుకుని వదిలానో అప్పుడు అర్థమైంది. మీరు బయట ఉండాలనుకుంటే ఉండండి, కానీ లోపల ఉన్నవాళ్లు పోగుచేసుకున్న వివేకాన్ని కాదనుకోకండి. అది అందరి ఆస్తి.

మీ నమ్మకానికి పేరు పెట్టమని ఎవరైనా ఒత్తిడి చేస్తుంటే టెన్షన్ పడకండి. 2010 నాటికి ప్రపంచంలో ఏ మతానికీ చెందని వాళ్లు దాదాపు 110 కోట్ల మంది అని అమెరికాలోని సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్క వేసింది. వాళ్లలో చాలామందికి దేవుడో, మరో శక్తో ఉందన్న నమ్మకం ఉందని కూడా అదే నివేదిక చెప్పింది. స్పినోజా అనే తత్వవేత్తను 1656లో ఆమ్‌స్టర్‌డామ్ యూదు సమాజం వెలివేసింది. అప్పటికి ఆయనకు 23 ఏళ్లు. ఆయన మరో మతంలో చేరలేదు. కటకాలు (లెన్సులు) సానబెట్టుకుంటూ, దేవుడి గురించే ఆలోచిస్తూ 1677లో చనిపోయేదాకా అలాగే బతికాడు.

నా నమ్మకం ఏమిటంటే, నిజం చెప్పిన మాట వృథా పోదు. దీన్ని రుజువు చేయలేను. రుజువు లేకుండా పట్టుకుని ఉన్నాను కాబట్టే దాన్ని నమ్మకం అంటున్నాను. దానికి నేను చేసే సాధన చాలా చిన్నది. మొదటి శతాబ్దపు రోమన్ తత్వవేత్త సెనెకా, రాత్రి దీపం తీసేశాక ఆ రోజు తన మాటలను, చేతలను ఒక్కొక్కటే తనముందు పెట్టుకుని చూసుకునేవాణ్ణని రాసుకున్నాడు. నేను అదే చేస్తాను, పది నిమిషాలు. ఈ రోజు ఎవరి దగ్గర నోరు మెదపకుండా ఉండిపోయాను అన్నది నా మొదటి ప్రశ్న. పేరు గుర్తొస్తే పొద్దున్నే ఆ మనిషితో మాట్లాడతాను. ఇంట్లోవాళ్లు ప్రార్థన చేస్తుంటే వాళ్ల పక్కన మౌనంగా కూర్చుంటాను. అది నటన అనిపించదు. వాళ్లు తలవంచేది దేనికో, నేను తలవంచేది దేనికో, రెండూ ఒకటే కావచ్చు.

12వ శతాబ్దంలో మైమోనిడీస్ అనే యూదు పండితుడు పూర్తి పశ్చాత్తాపం అంటే ఏమిటో చెప్పాడు: అదే సందర్భం మళ్లీ ఎదురై, తప్పు చేసే వీలు ఉండి కూడా చేయకుండా ఉండటం. నాకు ఆ సందర్భం కిందటేడాది వచ్చింది. వేరే ఆఫీసు, వేరే లెక్క, పక్కన కొత్తగా చేరిన అమ్మాయి. పై అధికారి ఆమె వైపు తిరిగేలోపే "అది తనది కాదు, నాది" అన్నాను. గొంతు వణికింది. మందలింపు పడింది, ఒక పని నా చేతిలోంచి తీసేశారు.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి, మొదటి నుంచి చివరిదాకా ఉన్నదంతా చెప్పాను. ఆ పాత విషయం ఆమెకు తెలియడం అదే మొదలు. నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదేనేమో అని కూడా అందామనుకున్నాను. అమ్మ ముందుగా అడిగింది వేరు. "ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడే, బాగున్నాడా?" అంది.