ప్రోటీన్ ఏ కుటుంబానిదో తేల్చడానికి పీఫామ్ ఒక్కటి చాలదా, ఇంటర్‌ప్రో కూడా చూడాలా?

మీ మొక్క ప్రోటీన్‌కు పీఫామ్ (ప్రోటీన్ కుటుంబాల డేటాబేస్) ఒక పేరు, ఇంటర్‌ప్రో (పీఫామ్ లాంటి అనేక సభ్య డేటాబేస్‌లను ఒకచోట కలిపి చూపేది) నాలుగు పేర్లు చూపిస్తున్నాయనీ, దేన్ని నమ్మాలో తెలియడం లేదనీ రాశారు. ఇంటర్‌ప్రోనే చూడండి. అయితే ఆ పేరు ఏ రకం ఎంట్రీదో (కుటుంబమా, డొమైనా, అంతకన్నా విశాలమైన సూపర్‌ఫ్యామిలీయా), ఏ సభ్య డేటాబేస్ నుంచి వచ్చిందో చదివిన తరువాతే దాన్ని నమ్మండి. ఈ అలవాటు లేకపోవడం వల్ల నా ఎనిమిది నెలల శ్రమ వృథా అయింది కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

హైదరాబాద్‌లో పరిశోధన చేసే రోజుల్లో నేను కందిలో తెగుళ్లను తట్టుకునే జన్యువుల కోసం వెతికేదాన్ని. మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నాయకత్వంలో ‘ఆశ’ రకం కంది జన్యుక్రమం 2012లో వెలువడింది. అందులో 48,680 జన్యువులు ఉన్నాయని అంచనా వేశారు. మొక్కల్లో తెగుళ్లను గుర్తించే ప్రోటీన్లలో ఒక పెద్ద కుటుంబానికి నడుమ ఎన్‌బీ-ఆర్క్ అనే డొమైన్ (ప్రోటీన్‌లో సొంతంగా మడతపడే భాగం), చివర ల్యూసిన్ ఎక్కువగా ఉండే పునరావృత భాగం ఉంటాయి. అప్పటికే తెలిసిన కొన్ని నిరోధక ప్రోటీన్లను ఇంటర్‌ప్రోతో పోల్చి చూసే ఇంటర్‌ప్రోస్కాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూస్తే అన్నింటిలోనూ ఐపీఆర్027417 అనే ఇంటర్‌ప్రో ఎంట్రీ సంఖ్య కనిపించింది. అదే గుర్తు అనుకుని, ఆ సంఖ్య ఉన్న ప్రతి కంది ప్రోటీన్‌నూ నిరోధక జన్యువుల పట్టికలో చేర్చాను. పట్టిక పెరిగిన కొద్దీ నా సంతోషమూ పెరిగింది.

పట్టికను గైడ్ గారి బల్ల మీద పెట్టిన సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ఆయన ఏడో వరుస దగ్గర పెన్సిల్ ఆపి, సుమారు 1,400 అమైనో ఆమ్లాల ఆ ప్రోటీన్ బొమ్మను కాగితం మీద గీయమన్నారు. గీస్తూ ఉంటే నా చెయ్యి నెమ్మదించింది. ఎందుకంటే ఏటీపీని పట్టుకునే పీ-లూప్ భాగం ఒకటి కాదు, రెండు చోట్ల ఉంది. రెండింటి తరువాతా కణపొరలో ఇమిడే భాగం ఉంది. ల్యూసిన్ పునరావృతాల జాడ ఎక్కడా లేదు. “ఇది తెగులును గుర్తించేది కాదమ్మా, పదార్థాలను పొర దాటించే ఏబీసీ ట్రాన్స్‌పోర్టర్” అన్నారాయన. ఆ రాత్రి పట్టికంతా తిరిగి చూస్తే డీఎన్ఏ పోగులను విడదీసే హెలికేజులు, కణంలో సరుకు మోసే కైనెసిన్‌లు కూడా బయటపడ్డాయి.

ఐపీఆర్027417 కుటుంబమూ కాదు, డొమైన్ కూడా కాదు. అది హోమోలోగస్ సూపర్‌ఫ్యామిలీ, అంటే ఒకే మూలం నుంచి వచ్చి ఒకే రకం మడత ఉన్న ప్రోటీన్ల విశాలమైన గుంపు. జీన్3డీ, సూపర్‌ఫ్యామిలీ అనే సభ్య డేటాబేస్‌లు త్రిమితీయ నిర్మాణం ఆధారంగా చేసిన నమూనాల నుంచి అది వచ్చింది. ఏటీపీ లేదా జీటీపీని పట్టుకునే ఆ మడత ఉన్న ప్రోటీన్లన్నీ అందులోకి వస్తాయి. నాకు కావలసింది పీఫామ్ సిగ్నేచర్‌తో (గుర్తింపు నమూనాతో) వచ్చే ఐపీఆర్002182, అంటే ఎన్‌బీ-ఆర్క్ డొమైన్. మన మాటల్లో చెప్పాలంటే, నేను గోత్రం చూసి ఇంటిపేరు రాసేశాను. ఎంట్రీ పక్కన ఉండే గుర్తులో హెచ్ (హోమోలోగస్ సూపర్‌ఫ్యామిలీ) ఉందా, డీ (డొమైన్) ఉందా, ఎఫ్ (ఫ్యామిలీ, అంటే కుటుంబం) ఉందా అని చూసి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు.

ఇక పీఫామ్ ఒక్కటే ఎందుకు చాలదంటే, ఒక్కో సభ్య డేటాబేస్ చూపు ఒక్కో రకంగా ఉంటుంది. ప్రోసైట్ అనే సభ్య డేటాబేస్‌లో పీ-లూప్ నమూనా ఎనిమిది స్థానాలే: అలనిన్ లేదా గ్లైసిన్, తరువాత ఏవైనా నాలుగు, ఆపై గ్లైసిన్, లైసిన్, చివర సెరిన్ లేదా థ్రియోనిన్. ఇంత చిన్న నమూనా సంబంధం లేని ప్రోటీన్లలో కూడా యాదృచ్ఛికంగా తగులుతుంది. పీఫామ్ డొమైన్ మొత్తానికి హిడెన్ మార్కోవ్ నమూనా (ఒక్కో స్థానంలో ఏ అమైనో ఆమ్లం వచ్చే అవకాశం ఎంతో చెప్పే గణాంక నమూనా) కడుతుంది. ప్రింట్స్ అనే మరో డేటాబేస్ అనేక చిన్న గుర్తులను కలిపి వేలిముద్రలా వాడుతుంది. 1999లో ఈ మూడూ, ప్రోడామ్ అనే మరో డేటాబేస్‌తో పాటు కలిసి ఇంటర్‌ప్రోకు పునాది వేయడానికి కారణం కూడా ఇదే. మన కోర్సుల్లో మాత్రం ఈ పేర్లను పరీక్ష కోసం బట్టీ పట్టిస్తారు, ఎంట్రీ రకం అన్న మాటే ఎత్తరు. నా పట్టికలోని తప్పు ఎన్నో థీసిస్‌లలో ఇప్పటికీ ఉండి ఉంటుందని నా దృఢ నమ్మకం. పీఫామ్ పాత వెబ్‌సైటు మూతపడితే ఆ డేటాబేసే పోయిందని చెప్పే అధ్యాపకులను కూడా చూశాను. అది ఇప్పుడు ఇంటర్‌ప్రో సైటులోనే నడుస్తోంది.

మీ నాలుగు పేర్ల విషయానికి వస్తే, ఇంటర్‌ప్రోస్కాన్ ఇచ్చిన టీఎస్‌వీ ఫైలులో (ట్యాబ్‌లతో విడదీసిన పట్టికలో) నాలుగో నిలువు వరుస సభ్య డేటాబేస్ పేరు, ఏడు, ఎనిమిది నిలువు వరుసలు ప్రోటీన్‌లో ఆ భాగం మొదలు, చివరి స్థానాలు. నేను అప్పట్లో ఇంటర్‌ప్రో సంఖ్య, పేరు ఉండే పన్నెండు, పదమూడు మాత్రమే చూసేదాన్ని. నాలుగు పేర్ల స్థానాలూ ఒకదాని మీద ఒకటి పడుతుంటే అవి నాలుగు డొమైన్లు కావు, ఒకే భాగానికి వచ్చిన వేర్వేరు పేర్లు. వాటిలో ఎక్కువ నిర్దిష్టమైన దాన్ని తీసుకోండి. స్థానాలు వేర్వేరుగా ఉంటే ప్రోటీన్ బొమ్మ కాగితం మీద గీసి, ఆ నాలుగు పేర్లున్న అడ్డు వరుసలూ ఇక్కడ పెట్టండి, చూస్తాను.