తమ్ముడు మూడు రాత్రులుగా నిద్రపోవడం లేదన్నారు కదా

అక్కా, తమ్ముడు 'ఐస్' (మెథాంఫెటమిన్ అనే మత్తుమందు) తీసుకుంటున్నాడని, కర్టెన్ సందులోంచి ఎవరో చూస్తున్నారని వణికిపోతున్నాడని రాశారు. అది ఆ మత్తుమందు, నిద్రలేమి కలిసి పుట్టించే భ్రమ. దయచేసి వాదించకండి, తిట్టకండి. లైట్లు తగ్గించి, చల్లటి గదిలో కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా నీళ్లు తాగించండి. పైన మద్యం మాత్రం అస్సలు తాగనివ్వకండి, గుండె మీద భారం ఇంకా పెరుగుతుంది. ఒళ్లు కాలిపోతున్నా, ఛాతీ నొప్పి అన్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేసి, ఏం తీసుకున్నాడో దాచకుండా చెప్పండి.

మత్తు దిగాక రోజంతా పడుకోవచ్చు, లేచాక విపరీతమైన దిగులు పట్టుకోవచ్చు. నాకు అసలు టెన్షన్ ఆ రోజుల గురించే, ఒంటరిగా వదలొద్దు.

పోలీసు కేసని భయపడ్డారు. మత్తుకు బానిసైనవాళ్లు తమంతట తాము ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వస్తే, వాడకం లేదా కొద్ది మోతాదు కేసుల్లో ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కి ఈ రోజే ఫోన్ చేయండి, ఉచితం.