నీలి టోపీల దేశం ఎటు తిరిగింది?

ప్రశ్న: మా అబ్బాయి టొరంటోలో ఉంటాడు. నీలి టోపీల ఐక్యరాజ్య సమితి శాంతి దళాలకు కెనడా పెట్టింది పేరని మేం చదువుకున్నాం. ఇప్పుడు సైనికులను పంపడం బాగా తగ్గించి, శాంతి నిర్మాణం అంటున్నారట. ఇదంతా ఖర్చు తప్పించుకోవడానికేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఖర్చు సంగతీ ఉందమ్మా, కాదనను. అదొక్కటే అంటే మాత్రం ఒప్పుకోను.

1956లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ కలిసి ఈజిప్టు మీద పడ్డాయి. సమితి దళాన్ని మధ్యలో నిలబెడదామని కెనడా విదేశాంగ మంత్రి లెస్టర్ పియర్సన్ ప్రతిపాదించాడు. మరుసటి ఏడాది ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. నేను కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పే రోజుల్లో పిల్లలు నిద్ర మానుకుని వినేది ఆ తర్వాతి కథ. కెనడా పంపబోయిన పటాలం పేరు 'క్వీన్స్ ఓన్ రైఫిల్స్'. యూనిఫాం చూస్తే అచ్చం బ్రిటిష్ సైనికులే. రాణిగారి సైన్యంతో ఇంకా పోరు చల్లారనే లేదు, అంతలోనే ఆమె పేరున్న మరో పటాలం దిగుతానంటే ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ ఊరుకుంటాడా? కుదరదన్నాడు. చివరికి కెనడా రవాణా, సమాచార విభాగాల వంటివి పంపి సరిపెట్టుకుంది. అదే దళంలో మన భారత సైనికులు కూడా పనిచేశారు.

రెండు సైన్యాలు, మధ్యన ఒక గీత, ఇద్దరికీ యుద్ధం ఆపాలని ఉండడం. ఈ మూడూ కుదిరినచోట ఆ పద్ధతి బాగానే నడిచింది. 1990ల యుద్ధాలు దేశాల లోపలే పుట్టాయి. అక్కడ గీత ఎక్కడ గీస్తారు? రువాండాలో సమితి దళాధిపతి కెనడా జనరల్ రోమియో డలైర్. 1994లో ఊచకోత మొదలయ్యాక అదనపు బలగం పంపమని మొత్తుకుంటే, భద్రతా మండలి ఉన్న దళాన్నే 270 మందికి కుదించాలని తీర్మానించింది. అంతకు ముందు ఏడాది సొమాలియాలో కెనడా పారాట్రూపర్లే తమ చేతికి చిక్కిన ఒక కుర్రవాణ్ణి చిత్రహింసలు పెట్టి చంపారు. 1995లో ఆ రెజిమెంటునే రద్దు చేశారు. శాంతిదూతలమని చెప్పుకునే దేశానికి అంతకు మించిన తలవంపులు ఏముంటాయి?

1996లో విదేశాంగ మంత్రి అయిన లాయిడ్ ఆక్స్‌వర్తీ ఈ అనుభవాల మీదే 'శాంతి నిర్మాణం' అనే కొత్త విధానం కట్టాడు. తుపాకులు ఆగిన ఊళ్లో పోలీసులు, కోర్టులు, ఎన్నికలు నిలబడకపోతే యుద్ధం తిరిగొస్తుందన్నది దాని సారం. హైతీ సంగతే చూడండి. 1995లో అధ్యక్షుడు అరిస్టీడ్ సైన్యాన్ని రద్దు చేసి, కొత్త పోలీసు బలగం పెట్టాడు. దానికి తర్ఫీదు ఇవ్వడానికి కెనడా పోలీసులు వెళ్లారు. ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్ వాళ్లు అక్కడ బాగా అక్కరకొచ్చారు. ఫలితమా? రాజధాని పోర్టో ప్రిన్స్‌లో ఎక్కువ భాగం నేడు ముఠాల గుప్పిట్లో ఉంది. ఇలాంటి పని దశాబ్దాలు పడుతుంది, దాతలకేమో అంత ఓపిక ఉండదు.

నా అభ్యంతరం వేరే ఉంది. ఆలోచన మంచిదే, కానీ అది కెనడాకు సాకుగా కూడా పనికొచ్చింది. 1993 ప్రాంతంలో మూడు వేలకు పైగా ఉన్న వాళ్ల శాంతి సైనికులు ఇటీవల కొన్ని పదుల సంఖ్యకు దిగారు. 2016లో 600 మంది దాకా సైనికులను ఇస్తామన్నారు. చివరకు మాలీకి కొన్ని హెలికాప్టర్లు వెళ్లి, ఏడాది తిరిగాక వెనక్కి వచ్చేశాయి. మీ అబ్బాయి దగ్గర పాత పది డాలర్ల నోటు ఉంటే చూడండి, నీలి టోపీతో, బైనాక్యులర్లతో నిలబడిన సైనికురాలు కనిపిస్తుంది. 2013 నోటులో ఆమె స్థానంలోకి రైలు వచ్చింది. కాపలా తగ్గించుకున్న దేశం నిర్మాణానికైనా సరిపడా డబ్బు, మనుషులు పెట్టాలి కదా? అదీ అరకొరే.

ప్రశ్న: మందుపాతరల నిషేధ ఒప్పందం కెనడా చొరవేనా? మనం సంతకం చేశామా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: చొరవ వాళ్లదే. 1997 డిసెంబరులో ఒట్టావాలో 122 దేశాలు సంతకాలు చేశాయి, 1999లో అమల్లోకి వచ్చింది. మనం చేయలేదు. అమెరికా, రష్యా, చైనా, పాకిస్తాన్ కూడా చేయలేదు. పొడవైన సరిహద్దు కాపాడుకోవాలన్నది మన ప్రభుత్వ వాదన. పార్లమెంటుపై దాడి తర్వాత 2001–02లో పశ్చిమ సరిహద్దు పొలాల్లో మన సైన్యమే పాతరలు పెట్టింది. వాటిని పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ మన జవాన్లే చనిపోయారు. ఆ పొలాల రైతులకూ కాళ్లు పోయాయి.