కోడిపిల్లల షెడ్డులో గ్యాస్ హీటర్ అరగంటకే ఆరిపోతోంటే

ఫ్యాన్‌తో వేడిగాలి ఊదే గ్యాస్ హీటర్ ఇలా ఆరిపోతూ, సిలిండర్ మీద మంచు పేరుకుంటోంటే, హీటర్ బాగానే ఉండి ఉంటుంది. హీటర్ గ్యాస్ లాగే వేగానికి లోపలి ద్రవం గ్యాస్‌గా మారలేక సిలిండర్ చల్లబడిపోతోంది. డిసెంబరు చలికి హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట వైపు ఇది మామూలే.

1. డీలర్‌తో రెండు 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు కలిపి బిగించమనండి. రెండూ నిలబెట్టే ఉండాలి.

2. వేడిగాలిని సిలిండర్ వైపు తిప్పకండి. చాలా ప్రమాదం.

3. చాలామంది వదిలేసేది ఇదే: చలికి పరదాలన్నీ దించేస్తారు. ఈ హీటర్ షెడ్డు గాలినే వాడుకుని, పొగను అక్కడే వదులుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఎదురెదురు వైపుల పైనా కిందా సందులు ఉంచండి. కాపలా మనిషిని లోపల పడుకోనివ్వకండి, దయచేసి.

4. ఆపేటప్పుడు ముందు సిలిండర్ వాల్వ్ మూసేయండి. మంట ఆరాక ఫ్యాన్ కాసేపు తిరగాలి.