సర్వర్‌లో పెట్టి నడిపితే జీపీఎల్ సరిపోదు
మీ కిరాణా బిల్లింగ్ ప్రోగ్రాంని జీపీఎల్‌లో (ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, కానీ పంచితే కోడ్ కూడా ఇవ్వాలనే లైసెన్స్) వదిలితే, అమీర్‌పేటలో ఎవరో దాన్ని మార్చి, సర్వర్‌లో పెట్టి, కోడ్ ఇవ్వకుండా నెలనెలా డబ్బులు వసూలు చేస్తారనే కదా మీ టెన్షన్? నిజంగానే చేయొచ్చు. జీపీఎల్‌లో ప్రోగ్రాం కాపీ చేతికిచ్చినప్పుడే సోర్స్, అంటే అసలు కోడ్, ఇవ్వాలి. బ్రౌజర్‌లో వాడనిస్తే కాపీ ఇచ్చినట్టు కాదు. 2007లో వచ్చిన ఏజీపీఎల్ (జీపీఎల్ లాంటిదే ఇంకో లైసెన్స్) మూడో వెర్షన్ 13వ సెక్షన్‌తో ఈ సందు మూసేసింది: మార్చి నడిపేవాళ్లు నెట్‌లో వాడేవాళ్లకీ సోర్స్ అందించాలి. అదే పెట్టండి. ఎంఐటీ లైసెన్స్ మాత్రం వద్దు, అందులో మార్చిన కోడ్ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. నేను పెట్టి చూశాను; ఒకాయన నా కోడ్ తీసుకుని, మార్చి, ఎవరికీ చూపకుండా తలుపులేశాడు. లైసెన్సే ఒప్పుకుంది, ఏమనగలం? చివరికి ఆయన ప్రోగ్రాం వాడే మలక్‌పేట షాపాయన ఒకరు తన ఉద్దెర పద్దులే బయటికి తీసుకోలేక నా దగ్గరికొచ్చాడు. అన్నట్టు, ఏజీపీఎల్‌లో ఉన్నా మీరు అమ్ముకోవచ్చు. వేరేవాళ్లు రాసిచ్చిన కోడ్ అందులో ఉంటే మాత్రం, లైసెన్స్ మార్చి అమ్మేముందు వాళ్లనడగండి, దాని హక్కు వాళ్లదే.